ఒక్క తెలుగు నిఘంటువే కొనాలంటే ఏది కొనాలి?

"సార్, మంచి తెలుగు డిక్షనరీ ఒకటి చెప్పండి" అని అడిగేవాళ్లు ఏడాదికి పదిమందైనా తగులుతారు. నేను వెంటనే పేరు చెప్పను. "ఏ మాట వెతకడానికి?" అని ఎదురు అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. డిక్షనరీ అన్నాక అన్ని మాటలూ ఉంటాయి కదా అని వాళ్ల నమ్మకం. తెలుగులో అలాంటి పుస్తకం లేదు. ఉన్నవాటిలో ఒక్కోటి ఒక్కో కాలం మాటల్ని, ఒక్కో రకం మనుషుల మాటల్ని పోగు చేసింది. మిగతా మాటలకి తలుపు వేసింది. కొన్ని తెలియక వేశాయి, కొన్ని కావాలనే వేశాయి.

'కంపు' అనే చిన్న మాటే తీసుకోండి. ఇవాళ మనకి కంపు అంటే ముక్కు మూసుకోవలసినదే. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా. కన్నడంలో ఇప్పటికీ మంచి వాసననే కంపు అంటారు. పద్యం చదువుతున్న బీఏ విద్యార్థి ఇప్పటి వాడుక చూపించే నిఘంటువు తెరిస్తే, కవి పూలతోటలో దుర్గంధాన్ని వర్ణిస్తున్నాడేమో అనుకుంటాడు. అనువాదకురాలు పాత నిఘంటువు ఒక్కటే నమ్ముకుంటే మురిక్కాలవకి సువాసన అంటగడుతుంది. పుస్తకాల తప్పేమీ లేదు, ఎంపికలోనే తేడా వచ్చింది.

అందుకని ముందు మీరెవరో చెప్పండి, తర్వాత పుస్తకం సంగతి చూద్దాం.

కొనేముందు నాలుగు మాటల పరీక్ష

షాపులో అయినా, నెట్‌లో స్కాన్ కాపీ అయినా నేను నాలుగు మాటలు వెతికి చూస్తాను.

మొదటిది 'గుర్రం'. అది 'గుర్రం' అనే ఉందా, 'గుఱ్ఱము' అని ఉందా? బండి ఱ, చివర 'ము' కనబడితే అది గ్రాంథిక వర్ణక్రమంలో నడిచే పుస్తకం. మీకు ఆ వర్ణక్రమం అలవాటు లేకపోతే సగం మాటలు దొరకవు, లేవేమో అనుకుని మూసేస్తారు.

రెండోది 'కచేరీ', 'వసూలు' లాంటి ఉర్దూ, పారసీ మాట. అవి ఉన్నాయంటే సంపాదకుడు వీధిలో మాటల్ని కూడా విన్నాడు. లేవంటే కావ్యాలు దాటి బయటికి రాలేదు.

మూడోది క్రియ. 'రా' అన్న మాట ఎక్కడుందో వెతకండి. మన నిఘంటువుల్లో అది 'వచ్చు' కింద ఉంటుంది. 'తే' అయితే 'తెచ్చు' కింద, 'తిన్నాడు' అయితే 'తిను' కింద. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. తెలుగు నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం ఇక్కడే ప్రాణం పోతుంది. 'రా' దగ్గర చూడగానే 'వచ్చు చూడు' అని దారి చూపించే పుస్తకం వాళ్లకి మంచి పుస్తకం.

నాలుగోది మీ ఇంటి మాట. కరీంనగర్ వాళ్లయితే స్నేహం అన్న అర్థంలో 'సోపతి', శ్రీకాకుళం వాళ్లయితే పిల్లాడన్న అర్థంలో 'గుంటడు'. అది దొరికితే పండగే. దొరక్కపోతే ఆశ్చర్యపోకండి. ఎందుకు దొరకదో కింద చెబుతాను.

బ్రౌన్: ముసలిదైనా ముందు వరసే

ఇప్పటికీ ఎక్కువమంది ఇళ్లలో కనిపించేది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. 1852లో మద్రాసులో అచ్చయింది. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చాడు. అక్కడే బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టి, జీతాలిచ్చి తాటాకు ప్రతులు ఎత్తి రాయించాడు. ఇప్పుడు అదే చోట ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. వేమన పద్యాల్ని 1829లోనే ఇంగ్లీషులోకి మార్చి అచ్చు వేయించిన మనిషి కాబట్టి, పండితులు పక్కనపెట్టిన మాటల మీద ఆయనకి చిన్నచూపు లేదు.

ఈ పుస్తకం గొప్ప అక్కడే ఉంది. రెవెన్యూ, కోర్టు ఉద్యోగాల్లో ఉన్న బ్రౌన్‌కి రైతు అర్జీలో ఏం రాశాడో, సాక్షి కోర్టులో ఏం చెప్పాడో అర్థం కావాలి. ఆ అవసరం కోసం తయారైన పుస్తకంలో కావ్యభాష పక్కనే వీధిభాష కూర్చుంటుంది. ఒక మాట తెరిస్తే దాని కింద పలుకుబళ్లు, జంటమాటలు, వాక్యాలు వరసగా వస్తాయి. ఏదో వెతకబోయి అరగంట అక్కడే ఉండిపోవడం నాకు మామూలే. మాట పక్కన అది తెలుగా, సంస్కృతమా, హిందుస్తానీయా అన్న గుర్తు కూడా ఉంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇంగ్లీషు అర్థాలు విక్టోరియా రాణి కాలం నాటివి. కొన్నిచోట్ల ఆ ఇంగ్లీషుకే మళ్లీ డిక్షనరీ కావాలి. నామవాచకాలకి 'ము' తోక ఉంటుంది. మొక్కలు, పురుగులు, వ్యవసాయ పనిముట్ల దగ్గర కొన్నిసార్లు బాగానే చెబుతుంది, కొన్నిసార్లు పైపైన దాటేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 1903 నాటి సవరించిన కూర్పుకి పునర్ముద్రణలు. ఆ సవరణలో ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ. హెచ్. క్యాంబెల్‌తోపాటు కందుకూరి వీరేశలింగం చెయ్యి కూడా ఉంది. పరిశోధన చేసేవాళ్లు బ్రౌన్ ఇలా అన్నాడు అని రాసేముందు తమ చేతిలో ఉన్నది 1852దా, 1903దా చూసుకోవాలి. రెండూ ఒకటి కావు.

బ్రౌన్‌దే ఇంకో పుస్తకం ఉంది, చాలామందికి తెలియదు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకి 1854లో వేసిన మిశ్రభాషా నిఘంటువు. తాతగారి పెట్టెలో పాత దస్తావేజులు దొరికి, జమాబందీ, ఇనాం, ఫసలీ అన్న మాటల దగ్గర ఆగిపోయినవాళ్లకి ఇది కావాలి. మామూలు నిఘంటువుల వల్ల ఆ కాగితాలు తెగవు. నిజాం ఇలాకా కాగితాలైతే దీనితో కూడా పని పూర్తికాదు, ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాల్సిందే.

పద్యం చదివేవాళ్లకి శబ్దరత్నాకరం

బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. ఆయన వ్యాకరణవేత్త కూడా. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మిగిలిపోయినవాటిని ప్రౌఢవ్యాకరణంలో పూరించింది ఆయనే. ఆ క్రమశిక్షణ నిఘంటువు నిండా కనిపిస్తుంది. ప్రతి మాట పక్కన పొట్టి అక్షరాలుంటాయి. 'సం' అంటే సంస్కృతం, 'దే' అంటే దేశ్యం, అంటే తెలుగులోనే పుట్టిన మాట, 'వై' అంటే వైకృతం, అంటే సంస్కృతం నుంచో ప్రాకృతం నుంచో మారి వచ్చిన మాట. ఏ కవి ఎక్కడ వాడాడో ప్రయోగం కూడా చాలాచోట్ల ఇస్తుంది. ఇదంతా ఒకే సంపుటం. తెలుగు స్పెషల్‌గా చదివేవాళ్లు, అవధానాల సరదా ఉన్నవాళ్లు, ఛందస్సులో రాసేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు.

అయితే దీన్ని వాడటానికి ఒక విద్య కావాలి. పోతన పద్యం అందరికీ నోటికి వచ్చిందే, 'అమ్మలఁగన్న యమ్మ, ముగురమ్మల మూలపుటమ్మ, చాలఁ బెద్దమ్మ'. కొత్తగా చదివే పిల్లాడు 'గన్న' అని వెతుకుతాడు, లేదు. 'యమ్మ' అని వెతుకుతాడు, లేదు. 'బెద్దమ్మ'ని వెతుకుతాడు, అదీ లేదు. నిఘంటువు తప్పేం లేదు. 'అమ్మలన్' అన్న ద్వితీయ విభక్తి చివర 'న్' ఉంది. ద్రుతం అనే ఆ 'న్' తర్వాత వచ్చిన 'క' కాస్తా 'గ' అయింది. అంటే అసలు మాట 'కన్న', అది 'కను' కింద ఉంటుంది. 'చాలన్' తర్వాత వచ్చిన 'పెద్దమ్మ' అలాగే 'బెద్దమ్మ' అయింది. 'యమ్మ'లో 'య' రెండు అచ్చుల మధ్య వచ్చి కూర్చున్న అతిథి. పద్యంలో గ, జ, డ, ద, బ లతో మొదలైన మాట దొరక్కపోతే క, చ, ట, త, ప ల కింద చూడాలి. య తో మొదలైతే య తీసేసి చూడాలి. ఈ రెండు కిటుకులు చెప్పకుండా పిల్లలకి నిఘంటువు ఇచ్చి వెతకమంటే, వాళ్లు వారంలో ఆ పుస్తకాన్ని అటక ఎక్కిస్తారు. క్లాసులో సంధులు బట్టీ పట్టించే బదులు, ఒక పద్యం ఇచ్చి మాటల్ని నిఘంటువులో పట్టుకోమనండి. ఇలా 'క' 'గ'గా, 'ప' 'బ'గా మారే సరళాదేశం ఎందుకు నేర్చుకోవాలో ఎవరూ చెప్పకుండానే వాళ్లకి తెలుస్తుంది.

శబ్దరత్నాకరంతో వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. తెలుగు మాటకి అర్థం సంస్కృతంలో ఉంటుంది. ఆ సంస్కృతానికి అర్థం వెతికితే ఇంకో సంస్కృతం దగ్గరికి పంపుతుంది. చెట్లు, పిట్టల దగ్గరైతే మన పాత నిఘంటువులన్నిటిదీ ఒకటే తీరు. 'వృక్షవిశేషము', 'పక్షివిశేషము'. అంటే ఒక రకం చెట్టు, ఒక రకం పిట్ట. ఆ ముక్క మనకీ తెలుసు!

సూర్యరాయాంధ్ర నిఘంటువు: ఇంటికి వద్దు, లైబ్రరీలో కావాలి

మొత్తం ఎనిమిది సంపుటాలు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ డబ్బు పెట్టారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పని చేసింది, జయంతి రామయ్య పంతులు ముందుండి నడిపించారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. చివరిది వచ్చేసరికి రామయ్య పంతులు లేరు, మద్రాసు రాష్ట్రంలో తెలుగు జిల్లాలు లేవు. ప్రాచీన సాహిత్యంలో ఒక మాట ఎక్కడెక్కడ ఎలా వాడారో చూపించడంలో దీనికి సాటి వచ్చేది లేదు. పీహెచ్‌డీ చేసేవాళ్లకి, పాత కావ్యాలకి వ్యాఖ్యానం రాసేవాళ్లకి ఇది తప్పదు.

కానీ ఈ పరిషత్తు పుట్టింది 1911లో, గ్రాంథికం వర్సెస్ వ్యావహారికం గొడవ మంచి వేడిలో ఉన్నప్పుడు. పరిషత్తు గ్రాంథికం పక్షం. జనం నోట్లో ఉండి, కావ్యాల్లో లేని మాటని అది లెక్కలోకి తీసుకోలేదు. అవతలి పక్షంలో ఉన్న గిడుగు వెంకట రామమూర్తి ఈ నిఘంటువును గట్టిగా విమర్శించారు. నా ఓటు గిడుగుకే. ఎనిమిది సంపుటాలు రాసి ఒక ముసలమ్మ మాట్లాడే మాట లేకపోవడం ఏమిటి? అయినా తరాజులో రెండో వైపు కూడా ఉంది. నన్నయ నుంచి వచ్చిన సాహిత్యాన్ని మాట మాటకీ జల్లెడ పట్టిన ఆ ఓపిక మాత్రం గ్రాంథికవాదులదే.

ఇక్కడో సంగతి. గిడుగు తెలుగు కోసమే కాదు, పర్లాకిమిడి కొండల్లో సవరల భాష కోసం కూడా బతుకంతా పనిచేశారు. తెలుగుతో చుట్టరికం లేని, ముండా కుటుంబానికి చెందిన భాష అది. 1931లో దానికి వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మనం గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేటప్పుడు ఆ సగం కథ ఎవరూ ఎత్తరు.

ఇప్పటి తెలుగు కావాలంటే గ్విన్

జె. పి. ఎల్. గ్విన్ ఐసీఎస్ అధికారి. జె. వెంకటేశ్వరశాస్త్రి సాయంతో ఆయన చేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1991లో వేసింది. ఇందులో మాట పేపర్లో ఉన్నట్టే ఉంటుంది. 'పుస్తకం' అంటే 'పుస్తకం', 'గుర్రం' అంటే 'గుర్రం'. పక్కనే రోమన్ లిపిలో ఉచ్చారణ. మాట కావ్యాలదైతే ఒక గుర్తు, ఏదో ప్రాంతానిదైతే ఒక గుర్తు, కబుర్లలో మాత్రమే వాడేదైతే ఇంకో గుర్తు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి కథలు, వార్తలు మార్చేవాళ్లకి ఈ గుర్తులే పెద్ద సాయం. మాట అర్థం తెలిస్తే సరిపోదు, ఆ మాట ఎవరి నోట్లో ఇముడుతుందో కూడా తెలియాలి.

డాలస్‌లోనో సిడ్నీలోనో పెరిగి, ఇరవై ఏళ్లొచ్చాక తెలుగు చదవాలనిపించినవాళ్లకి కూడా నేను మొదట ఇదే చెబుతాను. వాళ్లకి దీనితోపాటు గ్విన్, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) కూడా పక్కన ఉండాలి. క్రియారూపాలు ఎలా కట్టుకుంటాయో అందులో చూస్తే 'రా' ఎందుకు 'వచ్చు' కింద ఉందో తేలిపోతుంది.

లోటు ఏమిటంటే, ఇది 1991 నాటిది. సెల్‌ఫోన్ ఇంకా జేబుల్లోకి రాని తెలుగు. ఇంకోటి, అర్థాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం పిల్లాడికి తెలుగు మాటని తెలుగులోనే వివరించే ఇప్పటి నిఘంటువు కావాలంటే ఇంత దీటుగా చేసింది నాకు కనబడలేదు. ఇది మన యూనివర్సిటీలు సిగ్గుపడవలసిన విషయం.

బ్రౌనా, గ్విన్నా అని చాలామంది అడుగుతారు. మీరు చదివేది 1950 తర్వాతి తెలుగు అయితే గ్విన్. దానికి ముందుదైనా, లేక మాటలతో కాలక్షేపం చేసే జబ్బు ఉన్నా బ్రౌన్. గురజాడ నాటకం చదివేటప్పుడు మాత్రం రెండూ ముందేసుకుని కూర్చుంటాను.

మా ఊరి మాట ఏ పుస్తకంలో ఉంది?

నాలుగో పరీక్షలో ఇంటి మాట దొరక్కపోవడానికి కారణం ఇదీ. పైన చెప్పిన పుస్తకాల్లో చాలావరకు పుస్తకాలు చూసి రాసినవి, లేదా కోస్తా చదువుకున్నవాళ్ల మాట ఆధారంగా రాసినవి. ఊళ్లు తిరిగి, పని చేసుకునేవాళ్లని అడిగి రాసిన నిఘంటువులు వేరే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటిది, వ్యవసాయం మీద. 1971లో చేనేత మీద వచ్చింది. తర్వాత ఇంకొన్ని వృత్తుల మీద కూడా పని సాగింది.

వీటి తీరే వేరు. నాగలికి ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో వరసగా ఉంటుంది. మేడి, కర్రు, కాడి లాంటి మాటలు నాగలి పట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకి కొత్త కాదు. కానీ మనం ఒకే మాట అనుకున్నది నాలుగు జిల్లాలు దాటేసరికి నాలుగు మాటలైపోవడం చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. మగ్గం దగ్గరా అంతే. పడుగు, పేక, నాడె, ఆసు అన్న మాటలతో మొదలై నేత పని మొత్తం కళ్ల ముందు నడుస్తుంది. ఈ సర్వేల నుంచే తెలుగు మాండలికాల్ని నాలుగు ప్రాంతాలుగా విడదీసి చూడటం బలపడింది. ఉత్తరాంధ్ర ఒకటి, కోస్తా నడిమి జిల్లాలు ఒకటి, దక్షిణాన రాయలసీమ వైపు ఒకటి, తెలంగాణ ఒకటి.

కథలు, సినిమా డైలాగులు రాసేవాళ్లు ఈ పుస్తకాలు ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. యాస అంటే క్రియకి తోక మార్చడమే అనుకుంటారు. నాగలి పేరు మార్చాలని తెలియదు.

తెలంగాణ మాటలకి నలిమెల భాస్కర్ చేసిన తెలంగాణ పదకోశం ఉంది. పాఠశాలలో 'తప్పు' అని కొట్టేసిన మాట అచ్చులో చూసుకున్నప్పుడు కలిగే సంతోషం కోసమైనా తెలంగాణ ఇళ్లలో అది ఉండాలి. అదీగాక, ఆ మాటల్లో చాలావాటికి కావ్యాల్లో చుట్టాలున్నారని వెతికితే తెలుస్తుంది.

మాట పుట్టుక తెలుసుకోవాలనే ఉబలాటం ఉంటే

ఇది వేరే పిచ్చి. నాకూ ఉంది. దీనికి అర్థం చెప్పే నిఘంటువు పనికిరాదు. భాషాశాస్త్రవేత్తలు బర్రో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కావాలి. మొదట 1961లో వచ్చింది, సవరించిన కూర్పు 1984లో. ఒక ధాతువు తీసుకుని తమిళం, మలయాళం, కన్నడం, తుళు, తెలుగు, కోలామి, గోండి, కూయి ఇలా చుట్టపు భాషలన్నిట్లో దాని రూపాలు వరసగా పెట్టారు. మొత్తం ఐదున్నర వేలకు పైగా పద్దులు.

తెలుగువాళ్లు ఈ పుస్తకం తెరవగానే కంగారుపడతారు. 'రోలు' ర దగ్గర ఉండదు. తమిళ రూపం 'ఉరల్' కాబట్టి ఉ దగ్గర ఉంటుంది. కన్నడంలో అదే 'ఒరళు'. తెలుగులో ముందున్న అచ్చు వెనక్కి జరిగి ర ముందుకొచ్చింది. 'రెండు' కూడా అంతే, తమిళంలో 'ఇరండు', కన్నడంలో 'ఎరడు'. మన 'చిలుక' తమిళంలో 'కిళి', కన్నడంలో 'గిళి'. మన 'చెవి' కన్నడంలో 'కివి'. ఇ, ఎ ల ముందు పాత 'క' తెలుగులో 'చ' అయిపోయింది. ఇంత నియమంగా మారిందని చూశాక, 'ఈ మాటకి మూలం సంస్కృతం', 'ఆ మాటకి మూలం సుమేరియన్' అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూడబుద్ధి కాదు. పుస్తకం చివరన భాషలవారీగా సూచిక ఉంది. తెలుగువాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అంతా రోమన్ లిపిలోనే ఉంటుంది, రెండు రోజులు చిరాకు పడితే అలవాటైపోతుంది.

తెలుగులోనే చదవాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం వేసిన తెలుగు వ్యుత్పత్తి కోశం ఉంది. లకంసాని చక్రధరరావు సంపాదకులు. అదీ బహుసంపుటాలే, లైబ్రరీ సరుకే.

ఇంగ్లీషు నుంచి తెలుగుకి

ఈ వైపు నా సలహా పొట్టిది. పాతకాలం వాళ్లు శంకరనారాయణ నిఘంటువు దాటరు. బాగానే ఉంటుంది, కాని చాలా మాటలకి ఎవరూ పలకని సంస్కృత సమాసం దొరుకుతుంది. పత్రికల్లో పనిచేసేవాళ్లకి, అనువాదకులకి బూదరాజు రాధాకృష్ణ ఆధునిక వ్యవహార కోశం. ఆయన భాషాశాస్త్రవేత్త, ఈనాడు జర్నలిజం స్కూల్లో ఎంతోమందికి తెలుగు నేర్పినవాడు. పాఠకుడికి అర్థమయ్యే మాటే పెడతాడు. సైన్సు మాటలకి తెలుగు కావాలంటే, కాలిఫోర్నియాలో ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు చేసిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు చూడండి. మాటలు పుట్టించడంలో ఆయనకి మహా హుషారు. నవ్వొచ్చేవీ ఉంటాయి, వెంటనే వాడేయాలనిపించేవీ ఉంటాయి. గ్రూప్స్ పరీక్షలకి పాఠ్యపుస్తకం మాటే కావాలి కాబట్టి తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు చాలు.

పుస్తకమా, ఫోనా?

డబ్బు పెట్టలేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. ఆంధ్రభారతి సైట్లో ఒక మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రతో సహా ఎన్నో నిఘంటువుల్లో ఉన్నదంతా ఒకేచోట వస్తుంది. స్వచ్ఛందంగా కూర్చుని లక్షల మాటలు టైపు చేసినవాళ్ల చేతులకి దండం పెట్టాలి. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైట్లో బ్రౌన్, గ్విన్, బర్రో–ఎమెనో మూడూ ఉన్నాయి, ఉచితంగానే. ఏ సైట్లో అయినా 'గుర్రం' కొట్టి దొరకలేదని వదిలేయకుండా 'గుఱ్ఱము' కూడా కొట్టి చూడండి. 'వాడు' దొరక్కపోతే అరసున్న పెట్టి 'వాఁడు' చూడండి.

మరి పుస్తకం ఎందుకు? ఫోన్లో మీరు అడిగిన మాటే వస్తుంది. పుస్తకంలో దాని పక్కింటివాళ్లు కూడా కనిపిస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి పుస్తకమే ఇవ్వమంటాను. అక్షరక్రమం వేళ్లకి పడుతుంది, సున్న ముందా వెనకా, క్ష ఎక్కడ అన్న తగాదాలు సొంతంగా తేల్చుకుంటారు. ఇది పుస్తకానికీ పుస్తకానికీ మారుతుంది కాబట్టి ముందుమాట చదవడం కూడా నేర్చుకుంటారు. పదేళ్ల లోపు వాళ్లకి మాత్రం వీటిలో ఏదీ వద్దు. బొమ్మల పుస్తకం, అమ్మమ్మతో కబుర్లు చాలు. ఒకప్పుడు అమరకోశం, లేదా పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం లాంటి పద్య నిఘంటువులు పిల్లలకి చెవి మీదుగానే ఎక్కించేవాళ్లు. అకారాది క్రమం చూసుకునే అవసరమే ఉండేది కాదు.

ఒక్కటే కొంటానని భీష్మించుకున్నవాళ్లకి నా జవాబు బ్రౌన్, 1903 కూర్పు. గ్విన్ ఫోన్లో ఉచితంగా ఉంది, ఇప్పటి మాటలకి అది చూసుకోవచ్చు. పద్యం చదివే ఇల్లయితే బ్రౌన్ బదులు శబ్దరత్నాకరం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ పునర్ముద్రణల్లో చాలావరకు పాత పేజీల్ని ఫోటో తీసి వేసినవే. అబిడ్స్‌లో ఆదివారం సంతలో ఒకసారి చాలా చవగ్గా వచ్చిందని ఒక కాపీ కొని ఇంటికి తెచ్చుకున్నాను. అరసున్నలన్నీ చుక్కలైపోయాయి, ఒత్తులు ఏవి ఏవో తెలియలేదు, 'ప'లో పదహారు పేజీలు రెండుసార్లు వచ్చి 'బ'లో పదహారు పేజీలు అసలు లేవు. అప్పటి నుంచి బిల్లు కట్టేముందు పుస్తకం మధ్యలో మూడు నాలుగు చోట్ల తెరిచి పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూస్తాను. తర్వాత 'గుఱ్ఱము' ఉన్న పేజీ తీసి, బండి ఱ కింద ఒత్తు కళ్లద్దాలు లేకుండా కనబడుతుందా అని చూస్తాను.